ల్యాప్‌టాప్ బ్యాకప్: షెడ్యూల్ టాస్క్ ఒక్కోరోజు నడవట్లేదు, ఏం మార్చాలి?

లెడ్జర్‌బాబు అడిగారు:

విండోస్ 11 హోమ్ ల్యాప్‌టాప్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. అందులో 210 జీబీ నిండింది. ఫొటోలు, వీడియోలు 140 జీబీ, డాక్యుమెంట్లు 8 జీబీ, ఔట్‌లుక్ మెయిళ్లన్నీ ఉండే పీఎస్‌టీ ఫైల్ ఒక్కటే 9 జీబీ, టాలీప్రైమ్ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) డేటా 2 జీబీ దాకా ఉంటుంది. మిగతాది విండోస్, సాఫ్ట్‌వేర్లు.

2 టీబీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. టాస్క్ షెడ్యూలర్‌లో రోజూ మధ్యాహ్నం 2 గంటలకు ఒక బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా రాసి ఉన్న స్క్రిప్ట్) నడిచేలా పెట్టాను. అందులో నా యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో, /ఎంఐఆర్ (మిర్రర్) స్విచ్ పెట్టి జెడ్ డ్రైవ్‌కి కాపీ చేయిస్తున్నా.

ఇబ్బందులు ఇవీ. కొన్ని రోజులు టాస్క్ అసలు మొదలే కాదు. నడిచిన రోజు కూడా లాస్ట్ రన్ రిజల్ట్‌లో 0ఎక్స్1 అని వస్తోంది, అంటే ఫెయిలైనట్టేనా? ఒక్కోసారి రాత్రి 9 అయినా రన్నింగ్ అనే చూపిస్తుంది, లాగ్ తెరిస్తే పీఎస్‌టీ దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇంకొకటి, షెడ్యూల్ సరిగ్గా నడిస్తే చేత్తో మళ్లీ బ్యాకప్ తీయాల్సిన పని ఉంటుందా?

గోదారిగట్టు:

ముందు షెడ్యూలర్ సంగతి చూద్దాం. టాస్క్ ప్రాపర్టీస్‌లో కండిషన్స్ ట్యాబ్ తెరవండి. ఛార్జర్ పెట్టి ఉంటేనే టాస్క్ మొదలవ్వాలి అనే టిక్కు మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. దాని కిందే బ్యాటరీకి మారగానే టాస్క్ ఆపేయమనే టిక్కు ఇంకొకటి ఉంటుంది. మన దగ్గర మధ్యాహ్నం కరెంటు పోవడం వింతేం కాదు కదా, పోయిన క్షణమే కాపీ సగంలో ఆగిపోతుంది. రెండూ తీసేయండి.

తర్వాత సెట్టింగ్స్ ట్యాబ్. 2 గంటలకు ల్యాప్‌టాప్ మూసి ఉంటే ఆ రోజు రన్ పోయినట్టే, ఎందుకంటే తప్పిన టాస్క్‌ని వీలైనంత త్వరగా నడపమనే టిక్కు మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. అది పెట్టండి. పెట్టాక కూడా ల్యాప్‌టాప్ తెరిచిన వెంటనే మొదలవదు, సుమారు 10 నిమిషాలు ఆగి మొదలవుతుంది. అప్పుడే పనిచేయట్లేదని మళ్లీ కెలక్కండి.

జనరల్ ట్యాబ్‌లో లాగిన్ అయి ఉన్నప్పుడే నడిచేలా వదిలేయండి. లాగిన్ అయినా కాకపోయినా నడవమనే రెండోది ఎంచుకుంటే అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, పిన్ ఇస్తే తీసుకోదు.

0ఎక్స్1 ఫెయిల్ కాదు. రోబోకాపీ లెక్క వేరు: 0 అంటే కాపీ చేయడానికి కొత్తవేమీ లేవు, 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయి, 2 అంటే అవతల అదనపు ఫైళ్లున్నాయి, 3 అంటే ఆ రెండూ కలిపి. 8, ఆపైన వస్తేనే కంగారు పడాలి: 8 అంటే కొన్ని ఫైళ్లు కాపీ కాలేదు, 16 అంటే అసలు పనే జరగలేదు. బ్యాచ్ ఫైల్‌లో రోబోకాపీ వరస తర్వాత ‘ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 8 ఎగ్జిట్ 1’, దాని కింద ‘ఎగ్జిట్ 0’ రాస్తే షెడ్యూలర్‌లో 0 కనిపించిన రోజు నిజంగానే అంతా బాగున్నట్టు. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, ఫైల్‌లో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.)

పీఎస్‌టీ దగ్గర ఆగడానికి కారణం: ఔట్‌లుక్ తెరిచి ఉంటే ఆ ఫైల్‌కి తాళం పడి ఉంటుంది. రోబోకాపీ ఎర్రర్ 32 (ఫైల్ వేరే ప్రోగ్రామ్ వాడుకలో ఉంది) ఇచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఏమీ చెప్పకపోతే 10 లక్షల సార్లు, ప్రతిసారికీ 30 సెకన్లు ఆగి! అందుకే రాత్రి 9కీ రన్నింగ్. /ఆర్:2 /డబ్ల్యూ:5 కలపండి, రెండుసార్లు చూసి వదిలేస్తుంది. యూజర్ ఫోల్డర్ మొత్తం తీస్తున్నారు కాబట్టి /ఎక్స్‌జే కూడా తప్పనిసరి. అది లేకపోతే యాప్‌డేటాలోని (ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులు దాచుకునే ఫోల్డర్) జంక్షన్లు, అంటే వేరే ఫోల్డర్‌కి దారి చూపే లింకులు, పట్టుకుని ఫోల్డర్లో ఫోల్డర్, దాన్లో మళ్లీ అదే ఫోల్డర్ అని తిరుగుతూ ఉంటుంది. నిజానికి యాప్‌డేటా కాపీ చేయడమే దండగ, కావాల్సిన ఫోల్డర్లు ఒక్కొక్కటిగా రాసుకోండి.

చిన్న తిరకాసు ఒకటుంది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కొటేషన్లు పెడతాం కదా, ముగింపు కొటేషన్‌కి ముందు బ్యాక్‌స్లాష్ ఉండకూడదు. ఉంటే ఆ కొటేషన్‌ని రోబోకాపీ పేరులో భాగమనుకుని పక్కనున్న స్విచ్‌లన్నీ మింగేస్తుంది.

పాతమదర్‌బోర్డు:

పైన చెప్పినవన్నీ కరెక్టే. కానీ అసలు ప్రమాదం /ఎంఐఆర్ లో ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

/ఎంఐఆర్ అంటే సోర్స్‌లో లేనిది డెస్టినేషన్‌లో కూడా ఉండకూడదని. మీరు సోమవారం ఒక ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేసి బుధవారం గమనిస్తే, మంగళవారం 2 గంటలకే బ్యాకప్‌లోంచి కూడా పోయి ఉంటుంది. దీన్ని బ్యాకప్ అనను, అద్దం అంటాను.

విండోస్ 11లో ఇంకో గొయ్యి ఉంది. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ నిల్వ) మిమ్మల్ని అడిగో, సెటప్‌లోనో ఫోల్డర్ బ్యాకప్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. పైన చెప్పినట్టు ఫోల్డర్లు ఒక్కొక్కటిగా రాసుకుంటే స్క్రిప్ట్‌లో ఉండేది పాత దారి, అక్కడ మిగిలేది ఖాళీ ఫోల్డర్. ఖాళీ ఫోల్డర్‌ని /ఎంఐఆర్ చేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ చూడండి, ఫైళ్లు నిజంగా ఎక్కడున్నాయో అక్కడ తెలుస్తుంది. స్క్రిప్ట్ మార్చిన ప్రతిసారీ ముందు /ఎల్ పెట్టి నడపండి. ఏదీ కాపీ చేయదు, ఏదీ చెరపదు, ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది.

నేనైతే ఇలా విడదీస్తాను. ఫొటోలు ఒకసారి చేరాక మారవు, వాటికి /ఎంఐఆర్ బదులు /ఈ చాలు, ఏదీ చెరపదు. డాక్యుమెంట్లకు పాత వెర్షన్లు కావాలి కాబట్టి కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ హిస్టరీ. మామూలుగా గంటకోసారి, మారిన ఫైళ్లను దాచిపెడుతుంది. విండోస్ 11లో అక్కడ ఫోల్డర్లు తీసేయడానికే వీలుంది, కొత్తది చేర్చాలంటే ఆ ఫోల్డర్‌ని ఏదో ఒక లైబ్రరీలో కలపాలి. ఒక్క జాగ్రత్త: పీఎస్‌టీ మామూలుగా డాక్యుమెంట్స్ లోపల ఔట్‌లుక్ ఫైల్స్‌లో ఉంటుంది. ఫైల్ హిస్టరీ మారిన ముక్కను కాదు, ఫైల్ మొత్తాన్ని మళ్లీ రాస్తుంది. 9 జీబీ ఫైల్ రోజుకు నాలుగు కాపీలు పడితే 36 జీబీ, రెండు నెలల్లో మీ 2 టీబీ హరీ. ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూడ్‌లో పెట్టి, పీఎస్‌టీని వారానికోసారి ఔట్‌లుక్ మూసేసి చేత్తో కాపీ చేయండి.

ఇక టాలీ. మీ స్క్రిప్ట్ యూజర్ ఫోల్డర్‌నే తీస్తోంది. టాలీప్రైమ్ డేటా మాత్రం చాలా ఇన్‌స్టాల్‌లలో యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది. కంపెనీ ఎంచుకునే స్క్రీన్‌లో డేటా పాత్ కనిపిస్తుంది, చూడండి. అక్కడే ఉంటే ఇన్నాళ్లూ టాలీ బ్యాకప్ కానే లేదు.

లెడ్జర్‌బాబు:

చూశాను, పబ్లిక్‌లోనే ఉందండీ. ఆ దారి స్క్రిప్ట్‌లో కలిపేస్తే సరిపోతుందా, లేక టాలీలో ఉన్న బ్యాకప్ ఆప్షనే వాడాలా? డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచడం తప్పా?

పాతమదర్‌బోర్డు:

రెండూ చేయండి. కంపెనీ తెరిచి ఉండగా ఫోల్డర్ కాపీ అయితే సగం ఫైళ్లు పాతవి, సగం కొత్తవిగా పడే వీలుంది. కాబట్టి టాలీ మూసి ఉండే టైముకి షెడ్యూల్ మార్చండి. రోజు పని అయ్యాక ఆల్ట్+వై నొక్కి బ్యాకప్ ఎంచుకుని, తేదీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి తీయండి. జీఎస్‌టీ రిటర్న్ వేసే ముందు, మార్చి 31 లెక్కలు ముగించే ముందు, డేటా స్ప్లిట్ చేసే (పాత ఏడాది లెక్కలు వేరు చేసే) ముందు, టాలీ రిలీజ్ అప్‌గ్రేడ్ ముందు చేత్తో తీసిన కాపీ వేరుగా ఉండాల్సిందే. ‘షెడ్యూల్ ఉంటే మాన్యువల్ ఎందుకు’ అన్నదానికి నా జవాబు ఇదే. గడియారానికి మీరు రేపు ఏం చేయబోతున్నారో తెలీదు.

రిస్టోర్ చేసి చూసేటప్పుడు అసలు డేటా ఫోల్డర్ ఇవ్వకండి. అదే నంబరు కంపెనీ అక్కడుంటే దానిమీదే రాసేస్తుంది. ఖాళీ ఫోల్డర్ ఒకటి చేసి అందులోకి రిస్టోర్ చేసి తెరవండి. టాలీవాల్ట్ (కంపెనీ డేటాకి టాలీ వేసే తాళం) పాస్‌వర్డ్ పెట్టుంటే అది కాగితం మీద రాసి దాచండి, మర్చిపోతే బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు.

కోల్డ్‌స్టోరేజి:

డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచడం గురించి: ఉన్న బ్యాకప్ అదొక్కటే అయితే తప్పే. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళమేసి డబ్బడిగే వైరస్) వస్తే విండోస్‌కి కనిపించే ప్రతి డ్రైవ్‌లోని ఫైళ్లనూ లాక్ చేస్తుంది, జెడ్ డ్రైవ్ సహా. పిడుగుపాటుకో, హై ఓల్టేజికో ల్యాప్‌టాప్ పోర్ట్ కాలితే దాని వెంట డిస్కూ పోవచ్చు. దొంగ వచ్చినా రెండూ ఒకే సంచీలో వెళ్తాయి.

ఇంకో డిస్క్ కొనండి, 1 టీబీ చాలు. మొదటిది షెడ్యూల్‌కి, తగిలించే ఉండనివ్వండి. రెండోది వారానికోసారి మాత్రమే తగిలించి, కాపీ అయ్యాక ఎజెక్ట్ చేసి, వేరే ఇంట్లో కాకపోయినా కనీసం వేరే గదిలో బీరువాలో పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్ట్‌లో మామూలు పోర్టబుల్ హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ దాకా రాస్తుంది, అంటే 160 జీబీ మొదటిసారి సుమారు అరగంట. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువుంటే ఇంకా పడుతుంది. గంటలు పడుతుంటే పాత యూఎస్‌బీ 2 పోర్టుకో, నాసిరకం కేబుల్‌కో తగిలించారని అర్థం. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన పీఎస్‌టీ ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఎక్కుతుంది గానీ జర్నలింగ్ (రాయబోయే మార్పుని ముందే నమోదు చేసుకోవడం) లేదు కాబట్టి మధ్యలో లాగేస్తే చెడే అవకాశం ఎక్కువ.

రెండు డిస్కులు వాడితే డ్రైవ్ అక్షరాలు తారుమారవుతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకదానికి జెడ్, రెండోదానికి వై శాశ్వతంగా ఇవ్వండి. ప్రతి డిస్కులో ఒక గుర్తు ఫైల్ పెట్టి, అది కనిపించకపోతే ఎగ్జిట్ 1 తో ఆగిపోయేలా బ్యాచ్ ఫైల్ మొదట్లో ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్’ వరస రాయండి. ఈ ఒక్క వరస లేక పెన్‌డ్రైవ్ మీద కాపీ పడటం మామూలే.

విండోస్‌తో సహా మొత్తం ఇమేజ్ (డిస్క్ అంతటికీ నకలు) కావాలంటే వీమ్ ఏజెంట్ ఫ్రీ బాగుంటుంది. షాడో కాపీ (ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో విండోస్ పట్టి ఉంచే నకలు) నుంచి చదువుతుంది కాబట్టి తెరిచి ఉన్న పీఎస్‌టీ కూడా వస్తుంది. మేక్రియం రిఫ్లెక్ట్ ఫ్రీ వాడమనే పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, ఆ ఉచిత వెర్షన్‌కి సపోర్ట్ 2024 జనవరి 1తో ముగిసింది. ఇమేజ్ తీశాక రికవరీ పెన్‌డ్రైవ్ చేసి, దానితో ఒకసారి బూట్ చేసి, లోపల బయటి డిస్క్ కనిపిస్తోందో లేదో చూడండి. ల్యాప్‌టాప్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ప్రింట్ తీసి పెట్టండి. నడుస్తున్న విండోస్ నుంచి తీసిన ఇమేజ్‌లో డేటా తాళం తీసిన రూపంలోనే ఉంటుంది, అందుకని ఆ డిస్క్ పారేసుకోకండి.

గోదారిగట్టు:

ఒక్క విషయం కలుపుతాను. లాగ్‌లో చివర ఫెయిల్డ్ కాలమ్ వారానికోసారి చూడండి, 0 కాకపోతే ఏ ఫైలో పైన రాసి ఉంటుంది. మూడు నెలలకోసారి రెండో డిస్కుని వేరే కంప్యూటర్‌కి తగిలించి ఏవో ఐదారు ఫైళ్లు తెరవండి. పెద్ద వీడియోలకు రెండు వైపులా విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చితే చాలు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 వరసల (డిస్క్‌లో చెడిన చోట్ల లెక్కలు) రా విలువలు 0 దాటి పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఇంకేం రాయకుండా, ముందు అందులో ఉన్నది వేరేచోటికి తీయండి.