బండి మానేసిన పెద్దవాళ్లకు ఏది ముందు: ఫ్రీ టికెట్టా, ఎక్కగలిగే బస్సా?

పెన్షనర్‌73:
గ్లకోమాతో పక్కచూపు తగ్గింది, స్కూటర్ ముట్టుకోవద్దన్నారు డాక్టరుగారు. ఇక బస్సే గతి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఫ్రీ. సంతోషం. మరి డెబ్బై దాటిన మగవాడి సంగతేంటి? రైల్లో మాకున్న 40 శాతం రాయితీ కూడా 2020 మార్చిలో కరోనా పేరుతో తీసేశారు, మళ్లీ ఇచ్చింది లేదు. వృద్ధులందరికీ బస్సు ఫ్రీ చేయాలంటాను. మీరేమంటారు?

కిటికీ సీటు:
అంకుల్, మా అమ్మకు ఫ్రీయే. అయినా ఆటోకే పోతుంది. జీరో టికెట్ చేతికి రావాలంటే ముందు బస్సెక్కాలి కదా! మామూలు బస్సు ఫ్లోరు నేలకు సుమారు 900 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే మూడడుగులు. లోఫ్లోర్‌లో 400. మా స్టాపు దగ్గర బస్సు ఆగాల్సిన చోట ఆటోలుంటాయి. అందుకని బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది. ఫుట్‌పాత్ పక్కనే ఆగితే అరడుగు ఎత్తు కలిసొస్తుంది. రోడ్డు మీదికి దిగి ఎక్కాలంటే అదీ పోయినట్టే. అమ్మ రాడ్డు పట్టుకుని, నొప్పి లేని కాలు మెట్టు మీద పెట్టి, రెండోది లాక్కునేలోపే "రైట్ రైట్". పైగా అందరికీ ఫ్రీ అంటే రద్దీ ఇంకా పెరుగుతుంది. నిలబడలేనివాళ్లే ముందు నలిగిపోతారు.

ఊరి బస్టాండు:
ఇవన్నీ సిటీ ముచ్చట్లమ్మా. మా ఊరికి పల్లెవెలుగు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బస్సే రాకపోతే దాని ఎత్తు కొలిచి ఏం లాభం? 2,016 రూపాయల ఆసరా పింఛనుతో బతికే ముసలాయన షుగరు మందులకు జిల్లా ఆస్పత్రికి పోవాలంటే, పోనూ రానూ చార్జీలే బరువు. పెన్షనర్ గారి మాటకే నా ఓటు. కాకపోతే ఫ్రీతోపాటు మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు కూడా వేయాలి.

ఖాకీ చొక్కా:
మా నాన్న డ్రైవరుగా రిటైరయ్యారు కాబట్టి ఒక మాట. టైముకి చేరకపోతే డిపోలో సంజాయిషీ చెప్పుకోవాల్సింది డ్రైవరే. ముసలామె కోసం ఇంకాసేపు ఆగితే వెనకాల హారన్లు, లోపల సణుగుడు. ఆగే టైము కూడా షెడ్యూల్లో కలపండి, వాళ్లే ఆగుతారు. ఇక బస్సుల సంగతికొస్తే, చెన్నైలో కేసు హైకోర్టు దాకా వెళ్లాక 2024లో లోఫ్లోర్ బస్సులు మళ్లీ రోడ్డెక్కాయి. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచీ ఉంది. మనవాళ్లు కూడా ఎవరైనా కోర్టుకు లాగితే తప్ప కదలరా?

పెన్షనర్‌73:
మెట్రో ఉంది కదా అంటారేమో. అక్కడ లిఫ్టులున్నాయి, నిజమే. స్టేషన్ దాకా పోయేదెలా అన్నదే తంటా. ఫ్రీ మాట మాత్రం నేను వదలను. కనీసం ఆంధ్రా ఆర్టీసీలాగా అరవై దాటినవాళ్లకు, ఆడా మగా తేడా లేకుండా 25 శాతం తగ్గించినా కొంత నయం. అయితే కిటికీ సీటు అమ్మాయి చెప్పిన ఆటోలను స్టాపు దగ్గర్నుంచి తీయించే పనికి కొత్త బస్సులూ అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ట్రాఫిక్ పోలీసులకు అర్జీ నేను రాస్తాను, సంతకాలు పెట్టేవాళ్లు చెప్పండి.

ఊరి బస్టాండు:
మధ్యాహ్నం ట్రిప్పు కూడా రాయండి సార్. అదైతే డిపో మేనేజరుకి.