బ్యాట్ కిందికా, పైకా? అసలు కొట్టడం నేర్పే అర్హత ఎవరికుంది?

రెండో బేస్:
మావాడికి పన్నెండేళ్లు. బేస్‌బాల్ బ్యాటింగ్ ఇద్దరి దగ్గర నేర్చుకుంటున్నాడు. మొదటాయన మైనర్ లీగ్స్‌లో (కింది స్థాయి ప్రొఫెషనల్ పోటీల్లో) కొన్నేళ్లు ఆడిన మనిషి. "బ్యాట్‌ని కిందికి దించు, చేతులు నేరుగా బంతి మీదికి పోవాలి" అంటాడు. రెండో అతను స్కూల్ టీమ్ దాటి ఎక్కడా ఆడలేదు, కానీ కెమెరా, ల్యాప్‌టాప్ లేకుండా రాడు. "కిందికి కొట్టడమే నీ జబ్బు, బ్యాట్ పైకి లేవాలి" అంటాడు. నెల రోజులుగా పిల్లాడు ఎక్కువగా గాలినే కొడుతున్నాడు. ఎవరి మాట వినమంటారు? ఆడని మనిషి నేర్పగలడా?

పాత క్యాచర్:
నేర్పలేడు. కాలేజీలో ఆడిన అనుభవంతో చెబుతున్నా. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి బంతి విసిరే పిచర్ చేతి నుంచి బ్యాటర్ పక్కనుండే ప్లేటు దాకా రావడానికి పట్టేది దాదాపు 0.4 సెకను. ఆ బంతి ముందు నిలబడని వాడు కొట్టడం గురించి చెప్పడమంటే, నీళ్లలో దిగనివాడు ఈత నేర్పడమే.

టెడ్ విలియమ్స్‌ని చూడండి. 1941లో 0.406 సగటు, అంటే పది ప్రయత్నాలకి నాలుగు హిట్లు. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగ్‌లలో (ఇవే మేజర్ లీగ్స్) 0.400 ఎవరికీ అందలేదు. ఆయన 1969లో వాషింగ్టన్ సెనేటర్స్‌కి మేనేజర్‌గా వచ్చాడు. అంతకుముందు ఏడాది 0.224 ఉన్న జట్టు సగటు ఒక్క సీజన్‌లో 0.251 అయింది. ఇంకేం కావాలి?

స్లోమోషన్:
క్యాచర్ గారూ, మీరు చెప్పింది సగం కథే. పిచర్లు మరీ చెలరేగిపోతున్నారని సరిగ్గా 1969లోనే మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. బంతి సరిగ్గా వచ్చిందని లెక్కించే చోటు, స్ట్రైక్ జోన్, కూడా కుదించారు. మొత్తం అమెరికన్ లీగ్ సగటే 0.230 నుంచి 0.246కి పెరిగింది. సెనేటర్స్ అంతకన్నా ఎక్కువే పెరిగారు, కాదనను. కానీ ఆ 27 పాయింట్లూ (0.027) ఆయన ఖాతాలో ఎలా వేస్తారు?

ఇంకో మాట. బ్యాట్ కొద్దిగా పైకి రావాలని గట్టిగా వాదించింది ఆ విలియమ్సే! మౌండ్ ఎత్తు మీద నుంచి వచ్చే ఫాస్ట్‌బాల్ ప్లేటు దగ్గరికి ఐదారు డిగ్రీలు కిందికి వాలుతూ వస్తుంది. బ్యాట్ కూడా అంతే కొద్దిగా పైకి లేస్తూ వెళ్తే, బంతి దారిలో ఎక్కువసేపు ఉంటుంది. కాస్త ముందైనా వెనకైనా తగులుతుంది. అంటే మీ హీరో రెండో కోచ్ పక్షమే.

బ్యాటింగ్ కోచ్ ఛార్లీ లౌ సంగతేమిటి? ఆడినప్పుడు సగటు 0.255. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో 0.390 కొట్టాడు. 762 హోమ్ రన్స్ (బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టిన బ్యారీ బాండ్స్‌ని 2016లో మయామీ జట్టు బ్యాటింగ్ కోచ్‌గా పెట్టుకుని ఒక్క సీజన్‌కే సాగనంపింది.

పాత క్యాచర్:
లౌ మేజర్ లీగ్స్‌లో పదకొండు సీజన్లు ఆడాడు బాబూ. సగటు తక్కువైతే ఆడనట్టేనా? మన ప్రశ్న బాగా ఆడాడా అని కాదు, ఆడాడా లేదా అని.

స్లోమోషన్:
ఒప్పుకున్నా, ఆ ఉదాహరణ తప్పు. అయితే ఇది చూడండి. బ్యాటర్ జె.డి. మార్టినెజ్‌ని 2014 మార్చిలో హ్యూస్టన్ జట్టు వదిలేసింది. అప్పటికే అతను రాబర్ట్ వాన్ స్కోయాక్, క్రెయిగ్ వాలెన్‌బ్రాక్‌ల దగ్గర స్వింగ్ మార్చుకున్నాడు. అదే ఏడాది డెట్రాయిట్‌కి 0.315 సగటు, 23 హోమ్ రన్స్. వాన్ స్కోయాక్ ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు. తర్వాత డాడ్జర్స్ జట్టు అతన్నే బ్యాటింగ్ కోచ్‌గా పెట్టుకుంది.

గ్యాలరీ గోపాలం:
ఫీజు ఇద్దరికీ కడుతున్నది మీరే కదా సార్, ఇద్దరినీ ఒకే రోజు పిలిచి కొట్టుకోమనండి. మనం స్కోరు రాసుకుందాం.

డగౌట్ బెంచీ:
నవ్వొచ్చింది గానీ, అసలు తగాదా "కిందికి", "పైకి" అనే మాటల్లోనే ఉంది. బ్యాట్ భుజం పక్కన, ఎత్తులో మొదలవుతుంది. బంతి దగ్గరికి రావాలంటే ముందు దిగాలి, వేరే దారి లేదు. దిగి, సమంగా తిరిగి, తగిలే వేళకి కాస్త పైకెక్కుతుంది. ఆటగాడికి ఒంట్లో గట్టిగా తెలిసేది ఆ మొదటి దిగుడు. అందుకే మంచి బ్యాటర్లు చాలామంది "నేను కిందికే కొడతా" అని నిజాయితీగా చెబుతారు. అదే మనిషిని స్లో మోషన్‌లో చూస్తే బ్యాట్ పైకి వెళ్తూ కనిపిస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు, కెమెరా కూడా చెప్పలేదు.

కాబట్టి ఆ మాట ఎవరికి చెబుతున్నామన్నది ముఖ్యం. వెనక భుజం వాల్చేసి బంతి కింది నుంచి లాగే పిల్లాడికి "కిందికి" అంటే మందు. గొడ్డలితో నరికినట్టు కొట్టే వాడికి అదే విషం. 2015లో స్టాట్‌కాస్ట్ (బంతి కదలికల్ని కొలిచే వ్యవస్థ) వచ్చి బంతి ఎగిరే కోణం టీవీ తెర మీద కనబడటం మొదలయ్యాక, పిల్లలందరికీ "పైకి, పైకి" అని ఒకటే గోల. ముందు కాలు ఆని, తుంటి తిరిగి, నడుం పై భాగం తిరిగి, చేతులు ఆఖరున రావాలన్న వరస మాత్రం నేర్పరు. ఆ వరస తప్పితే ఏ కోణమూ కాపాడదు.

జపాన్‌లో సదహారు ఓకి కోచ్ అరకావా 1962లో ఒంటికాలి మీద నిలబడటం నేర్పాడు. వేలాడే కాగితాన్ని కత్తితో కోయించాడు. సదహారు చివరికి 868 హోమ్ రన్స్ కొట్టాడు. అది సదహారు ఒంట్లో ఉన్న తప్పుకి కట్టిన కట్టు. అరకావా దాన్ని ఊరందరికీ పంచితే మిగిలేది ఒంటికాలి కొంగలే.

రెండో బేస్ గారూ, ఒక పని చేయండి. బంతిని టీ (బంతి నిలిపే స్టాండు) మీద పెట్టి, పది సార్లు "కిందికి" అని, పది సార్లు "పైకి" అని చెప్పి, పక్క నుంచి ఫోన్‌లో తీయండి. నెమ్మదిగా ఆడించి చూడండి.

రెండో బేస్:
నిన్న తీశాను. "కిందికి" అన్నప్పుడు బ్యాట్ దాదాపు సమంగా, తగిలే చోట రవ్వంత పైకి వెళ్తోంది. బంతులు నేరుగా దూసుకెళ్లాయి. "పైకి" అనగానే వెనక భుజం కుంగిపోతోంది. పదిలో నాలుగు సార్లు టీనే కొట్టాడు.

ఇద్దరికీ చూపించాను. ఆడినాయన ఫోన్ వంక చూడనైనా లేదు, "నేను వీడియోలు చూసి నేర్చుకోలేదు" అన్నాడు. తన మాటే గెలిచిందని కూడా తెలుసుకోలేదు పాపం. రెండో అతను మూడు సార్లు వెనక్కి తిప్పి చూసి, "ఈ పిల్లాడి దగ్గర 'పైకి' అనే మాట ఇక వాడను" అన్నాడు. ప్రస్తుతానికి రెండో అతని దగ్గరే ఉంచుతున్నాను.

పాత క్యాచర్:
అంటే నెగ్గింది ఆడినాయన మాట, ఫీజు మాత్రం ఆడనివాడికి! సరే, మీ ఇష్టం. కానీ టీ మీద బంతి కదలదు, వంపు తిరగదు, మనిషి మీదికి రాదు. ఎవరి చేతనైనా నిజంగా పిచ్ చేయించి ఆ వీడియో పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.