చిన్న కార్లకి ఊరు కడుతున్నా, రోడ్డు దగ్గరే ఇరుక్కుపోయా. సాయం చేయండి

నా దగ్గర 1:64 స్కేల్ (అంటే అసలు కారులో 64వ వంతు సైజు) బొమ్మ కార్లు 40 దాకా ఉన్నాయి. అద్దాల బీరువాలో వరసగా పెట్టి చూసీ చూసీ విసుగొచ్చి, వాటికో చిన్న ఊరు కడదామని కూర్చున్నా. 90 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు ప్లైవుడ్ మీద రెండు వీధులు, ఒక కూడలి, పెట్రోల్ బంకు, మెకానిక్ షెడ్డు. అంతే.

లెక్కలైతే వేసుకున్నా. అసలు రోడ్డు మీద ఒక లేన్ 3.5 మీటర్లు అనుకుంటే నాకు ఐదున్నర సెంటీమీటర్లు వస్తుంది. ఇళ్లతోనూ చిక్కే. రైలు మోడళ్లకి అమ్మే 1:87 ఇళ్లు కొన్నా. పక్కన కారు పెడితే గుమ్మం దాని పైకప్పు కన్నా వెంట్రుకవాసి ఎత్తుంది, అంతే! డ్రైవరు దిగితే వంగి లోపలికెళ్లాలి. వీటిని వెనక వరసలో పెడితే దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయా, లేక తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుందా?

రోడ్డుకి సన్న గరుకు కాగితం వాడా. తారు రోడ్డులాగే ఉంది, కానీ నీళ్లు కలిపిన తెల్ల జిగురుతో అంటించేసరికి తెల్లారేలోపు అంచులు అప్పడంలా లేచాయి. దీనికి ఏ జిగురు మంచిది?

థర్మాకోల్ గోడల మీద స్ప్రే పెయింట్ కొట్టి ఒక ఇల్లు కరిగించుకున్నా కూడా (నవ్వకండి). ముందు యాక్రిలిక్ రంగు బ్రష్‌తో పూసి, ఆరాక స్ప్రే కొడితే ఆగుతుందా? చేసి చూసినవాళ్లు చెప్పండి.