ఏసీఎఫ్ ఉండగా లాగ్ ప్లాట్ ఎందుకు?

గణాంక_గోల: నిన్నటి విలువకీ ఇవాళ్టి విలువకీ సంబంధం ఉందా అంటే చాలు, లాగ్ ప్లాట్ గీయమంటారు. అడ్డంగా నిన్నటిది, నిలువుగా ఇవాళ్టిది పెట్టి చుక్కలు వేయడమేగా! ఏసీఎఫ్ అయితే వరసగా కొలిచిన విలువలకి (సిరీస్) తమ పాత విలువలతో ఉన్న కోరిలేషన్‌ని, ప్రతి లాగ్‌కీ, అంటే ఎన్ని అడుగులు వెనక్కి చూస్తున్నామో దానికి, ఒక కడ్డీ చొప్పున చూపిస్తుంది. ఏసీఎఫ్‌లో నలభై లాగ్‌లు ఒక్క చూపులో కనిపిస్తాయి. లాగ్‌కో బొమ్మ గీసుకుంటూ కూర్చోవడం దేనికి?

చుక్కల_ముగ్గు: ఏసీఎఫ్ కొలిచేది సరళరేఖ సంబంధాన్ని మాత్రమేనండీ. లాజిస్టిక్ మ్యాప్ తీసుకోండి: కొత్త విలువ = 4 × పాతది × (1 − పాతది). 0.3తో మొదలుపెట్టి వెయ్యి విలువలు తీస్తే ఏసీఎఫ్ కడ్డీలు సున్నా చుట్టూనే తిరుగుతాయి. వైట్ నాయిస్ (ఒకదానితో ఒకటి సంబంధం లేని యాదృచ్ఛిక విలువలు) అనుకుని వదిలేస్తాం. లాగ్ 1 ప్లాట్‌లో మాత్రం చుక్కలన్నీ ఒకే పారాబోలా (వంపు గీత) మీద ఉంటాయి.

గణాంక_గోల: అది క్లాసు కోసం వండిన ఉదాహరణ. అసలు డేటా చూపించండి.

చుక్కల_ముగ్గు: అమెరికా ఎల్లోస్టోన్‌లోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ. 1985 ఆగస్టు 1 నుంచి 15 వరకు నమోదు చేసిన, రెండు ఎగజిమ్ముడుల మధ్య విరామాలు ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని మాస్ ప్యాకేజీలో 'గీజర్' పేరుతో ఉన్నాయి, 299 వరసలు. లాగ్ 1 దగ్గర ఏసీఎఫ్ నెగటివ్. దాన్నిబట్టి పెద్ద విరామం తర్వాత చిన్నది, చిన్నదాని తర్వాత పెద్దది అని చదువుకుంటాం. ప్లాట్ గీయండి, కింద ఎడమ మూల దాదాపు ఖాళీగా ఉంటుంది. చిన్నదాని తర్వాత పెద్దదే వస్తుంది, నిజమే. పెద్దదాని తర్వాత మాత్రం చిన్నదీ రావచ్చు, పెద్దదీ రావచ్చు! అక్కడ సగటు చెబితే అది రెండు గుంపుల మధ్య, చుక్కలు పలచగా ఉన్న చోట పడుతుంది. ఇదంతా ఒక్క కోరిలేషన్ అంకెలో ఎలా పడుతుంది?

మీటర్_రీడింగ్: ఇద్దరికీ ఒక మాట. హైదరాబాద్ రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతకి లాగ్ ప్లాట్ గీస్తే చుక్కలు ఏటవాలు గీతలా పేరుకుంటాయి. అందులో ఎక్కువ భాగం మే నెల ఎండ, డిసెంబరు చలి. సీజన్ తీసేయకుండా "బలమైన డిపెండెన్స్" అని రాసేవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. ర్యాండమ్ వాక్ (పాత విలువకి యాదృచ్ఛికంగా కొంత కలుపుతూ పోయే సిరీస్) కూడా అంతే. డిఫరెన్సింగ్ (ప్రతి విలువలోంచి దాని ముందుదాన్ని తీసేయడం) చేశాక గీత పోయి చుక్కల మబ్బు మిగులుతుంది. ఈ విషయంలో ఏసీఎఫ్ కూడా అమాయకమేమీ కాదు, నెమ్మదిగా తగ్గే కడ్డీలు చూసి మోసపోయినవాళ్లు బోలెడు.

గణాంక_గోల: మరి లేని ఆకారాన్ని కన్ను ఊహించుకోదా?

చుక్కల_ముగ్గు: ఊహించుకుంటుంది. అందుకే అదే సిరీస్ విలువల వరస తారుమారు చేసి పక్కన మరో నాలుగు ప్లాట్లు గీస్తాను. వాటి మధ్య అసలుది గుర్తుపట్టలేకపోతే ఆకారం లేనట్టే.

గణాంక_గోల: ఇది బాగుంది. అయినా లక్ష చుక్కలు పడితే నల్లటి మరక తప్ప ఏం కనిపిస్తుంది చెప్పండి? నేను ముందు ఏసీఎఫ్ చూస్తాను, అనుమానం వచ్చిన లాగ్‌కే ప్లాట్ గీస్తాను.

చుక్కల_ముగ్గు: లాజిస్టిక్ మ్యాప్‌లో మీకు ఏ లాగ్ మీదా అనుమానం రాదుగా! కనీసం లాగ్ 1 అయినా ముందే గీయండి. లక్ష చుక్కలైతే పారదర్శకత పెంచండి, లేదా షడ్భుజాల గడుల్లో లెక్కపెట్టించండి.