ల్యాప్‌టాప్‌తో మొదటిసారి డీజే: కంట్రోలర్ తీసుకోవాలా, ఆడియో ఇంటర్‌ఫేస్ చాలా?

వచ్చే శనివారం వైజాగ్ సీతమ్మధారలో, మా మేడ మీద చెల్లి సంగీత్. అరవై మంది వస్తారు. 10 గంటలకు సౌండ్ ఆపెయ్యాలి. పాటలు వేసేది నేనే, ఇదే మొదటిసారి.

విండోస్ ల్యాప్‌టాప్ (8 జీబీ ర్యామ్) ఉంది. అందులో మిక్స్ (ఇంగ్లీషులో చివర మూడు ఎక్స్‌లు) అనే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్ వేసుకున్నా. రెండు పవర్డ్ స్పీకర్లు (యాంప్లిఫయర్ లోపలే ఉండేవి) అద్దెకు మాట్లాడాను.

చిక్కల్లా ల్యాప్‌టాప్‌కి ఒకటే 3.5 ఎంఎం జాక్. స్పీకర్లకు ఇస్తే తర్వాతి పాట హెడ్‌ఫోన్‌లో వినే దారి లేదు. వై కేబుల్ పెడితే రెండింట్లోనూ ఒకే పాట వచ్చింది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెడితే శబ్దం ఆలస్యంగా వస్తోంది, బీట్ కలపలేకపోయా. చివరికి స్టీరియో యూఎస్‌బీ సౌండ్ కార్డు తెచ్చి స్పీకర్లు దానికి, హెడ్‌ఫోన్‌ని ల్యాప్‌టాప్ జాక్‌కి ఇచ్చా. ఇది దాదాపు కుదిరింది గానీ పది పదిహేను నిమిషాలకోసారి చిటపటమంటోంది. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ (శబ్దాన్ని ముందుగా సిద్ధం చేసి ఉంచుకునే వ్యవధి) 23 మిల్లీసెకన్ల నుంచి 46కి పెంచితే తగ్గింది, పూర్తిగా పోలేదు. ల్యాప్‌టాప్ లోపలి సౌండ్ కార్డు, ఈ యూఎస్‌బీ కార్డు వేటి క్లాక్ (లోపలి టైమింగ్) మీద అవి నడవడం వల్లే అనుకుంటున్నా. చెల్లి డ్యాన్స్ మధ్యలో అలా జరిగితే నేను తట్టుకోలేను.

పయొనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కంట్రోలర్ (బటన్లు, తిప్పే చక్రాలతో డీజే సాఫ్ట్‌వేర్‌ని నడిపే పరికరం) జగదాంబ దగ్గర అద్దెకు దొరుకుతోంది. సౌండ్ కార్డు అందులోనే ఉంది, స్పీకర్లకూ హెడ్‌ఫోన్‌కూ వేర్వేరు అవుట్‌పుట్లు. కాకపోతే సాధనకు నాలుగు రోజులే ఉన్నాయి.

ఇంత తక్కువ టైములో ఆ కంట్రోలర్ తీసుకోవడం మేలా, లేక నాలుగు అవుట్‌పుట్ల (స్పీకర్లకు రెండు, హెడ్‌ఫోన్‌కు రెండు) యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే బయట పెట్టుకునే సౌండ్ కార్డు, తెచ్చుకుని మౌస్, కీబోర్డులతోనే నడిపించడం మేలా?