స్పోర్ట్స్ కారు ఇప్పుడే కొనాలా, పాప చదువు అయిపోయాకా?

డ్రిప్‌షాపు_అనంతపురం:

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు. అనంతపురంలో డ్రిప్ పైపులు, మోటార్ల షాపు ఉంది, ఊర్లో చీనీ (బత్తాయి) తోట నాన్న చూసుకుంటాడు. పాప ఎనిమిదో తరగతి. ఇంటి లోను తీరిపోయింది, తోట మీద తీసుకున్నది మాత్రం ఇంకా కొంత ఉంది.

చదువుకునే రోజుల నుంచి నాకు పోర్షే అంటే ప్రాణం. బెంగళూరులో వాళ్ల స్పోర్ట్స్ కారు 718 కేమన్, 2018 మోడల్ ఒకటి చూసొచ్చాను, 72 లక్షలు చెబుతున్నారు. లోను లేకుండా కొనగలను, కాకపోతే ఆ డబ్బు ఇచ్చేశాక చేతిలో మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. మా ఆవిడ వద్దు అనడం లేదు, పాప డిగ్రీ అయిపోయాక తీరిగ్గా కొనుక్కో అంటోంది, అప్పటికి నాకు 50 దాటతాయి. నాన్నకైతే ఒకటే మాట, ఆ డబ్బుకు తాడిపత్రి రోడ్డులో స్థలం వస్తుంది కదా అని. కారు మంచిదా కాదా అన్నది నా ప్రశ్న కాదు, అది నాకు తెలుసు. జీవితంలో ఏ దశలో ఇలాంటిది కొనాలి, కొన్నవాళ్లు ఎలా నిర్ణయించుకున్నారు, అది చెప్పండి. చాలా రోజులుగా నిద్ర పట్టడం లేదు.

ఆడిటరమ్మ_కర్నూలు:

అన్నా, వయసు సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం. 72 అన్నది కారు రేటు మాత్రమే. అది కర్ణాటక నంబరు బండి కాబట్టి 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడి నంబరుకు మార్చుకోవాల్సిందే. అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. 20 లక్షలు దాటిన కొత్త కారుకు ఏపీలో 18 శాతం ఉంది, పాత కారుకు దాని వయసును బట్టి తగ్గుతుంది, తగ్గినా ఈ రేటు బండికి అది చిన్న మొత్తమేమీ కాదు. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, కానీ అది చేతికి వచ్చేదాకా రెండు చోట్లా మీ డబ్బే ఇరుక్కుని ఉంటుంది.

ఇంకో మాట, మన వైపు అలవాటు కాబట్టి చెబుతున్నా. కొంత చెక్కు, కొంత క్యాష్ అని అమ్మేవాళ్లు అంటే ఒప్పుకోకండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు, తీసుకున్నవాడికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. రేపు నోటీసు అక్కడికి వస్తే మీ ఖాతాల వరకు తీగ లాగుతారు. షాపు పేరు మీద కొందామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి, కార్ల మీద తరుగుదల 15 శాతమే, అందులోనూ సొంత వాడకం మేరకు కోత పెడతారు, జీఎస్టీ క్రెడిట్ రాదు, పైగా బ్యాంకులో సీసీ లిమిట్ (షాపు నడపడానికి వాడుకునే అప్పు) రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఈ కారు గురించే మొదటి ప్రశ్న వస్తుంది.

నా దగ్గరికి వచ్చే వ్యాపారస్తులకు చెప్పేదే మీకూ చెబుతా. తోట లోను తీరాలి, పాప చదువు డబ్బు విడిగా వేసి దాని జోలికి పోకూడదు, మీకు రావాల్సిన బిల్లులు ఆరు నెలలు ఆలస్యమైనా షాపు నడిచేంత రొక్కం ఉండాలి. డ్రిప్ వ్యాపారంలో ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యమని మీకు నేను చెప్పక్కర్లేదు. వీటన్నిటి తర్వాత కూడా 72 మిగిలితే అది మీ కారు డబ్బు, 41 అయినా 31 అయినా. మిగలకపోతే అది ఇంకా కారు డబ్బు కాదు.

ఎన్‌హెచ్44_కర్నూలోడు:

అన్నా నేనైతే ఇప్పుడే కొనమంటా. ఆడిటర్ మేడం చెప్పిన లెక్కలు కరెక్టే, కానీ కారు వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. పెట్రోల్ 718 తయారీ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది, మళ్లీ పెట్రోల్‌ది వచ్చినా ఖరీదైన పై మోడళ్లలోనే అంటున్నారు. నువ్వు 50 దాటాక కొందామంటే ఆ రోజుకు దొరికేది బాగా నలిగిపోయిన బండి, లేదంటే ఎవరో దాచుకుని చెప్పిన రేటుకు అమ్మే బండి. పోర్షేలోనే పై మోడల్ 911 కొత్తది అంటావా, షోరూం ధరే 2 కోట్ల దగ్గర ఉంది, అది మనలాంటోళ్లకు అందే రేటు కాదు. 2018 బండి మీద పడాల్సిన తరుగు చాలావరకు మొదటి ఓనరే మోసేశాడు.

నేను బెంగళూరులో పని చేస్తా, శుక్రవారం రాత్రి కర్నూలు వచ్చేటప్పుడు పెనుకొండ దాటాక ఆ హైవే చూస్తే నాకే ఆశ పుడుతుంది. నీ ఇంటి ముందరే అట్లాంటి హైవే పెట్టుకుని ఇంకో పదేళ్లు ఆగడం ఏంది అన్నా. పాప చదువు పాపదే, నీ ఇష్టం నీదే. స్థలం మాత్రం కొనొద్దు, తాడిపత్రి రోడ్డులో రేట్లు ఇప్పటికే శానా పెరిగినాయి.

కడప_ఎముకల_డాక్టర్:

తమ్ముడూ, నాకు 58. నేను 54లో కొన్నాను, రెండు సీట్ల కన్వర్టిబుల్ (పైకప్పు తెరుచుకునేది), కంపెనీ వేరు. నీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే 50 దాటేదాకా ఆగొద్దు, ఈ సంవత్సరం కూడా కొనొద్దు.

మొదట ఒళ్లు సంగతి, అది నా వృత్తి కాబట్టి. ఈ కార్లలో సీటు దాదాపు నేల మీదే ఉంటుంది. ఎక్కడం అంటే ఒక కాలు లోపల పెట్టి, నడుము తిప్పుతూ, బరువంతా ఒక మోకాలి మీద వేసి కిందికి జారడం. దిగేటప్పుడు ఇదంతా ఎదురు తిప్పి చేయాలి, పక్కన ఇంకో కారు ఆనించి పెట్టి ఉంటే తలుపు సగమే తెరుచుకుంటుంది. 41లో ఇది నీకు తెలియనే తెలియదు. నాకిప్పుడు హాస్పిటల్ ముందు దిగేటప్పుడు ఒక చెయ్యి రూఫు మీద, ఒక చెయ్యి తలుపు మీద పడుతుంది. మా ఆవిడకు నడుము నొప్పి ఉంది, ఆమె రాయచోటి దాటి ఎక్కడికీ ఇందులో రాదు. రాత్రిపూట ఎదురుగా వచ్చే లైట్లు కళ్లలో పొడిచినట్టు ఉండటం కూడా 50 దాటాకే మొదలైంది, అందుకే చీకటి పడ్డాక బయటికి తియ్యను. కాబట్టి పదేళ్ల తర్వాత కొంటే అదే కారు వస్తుంది కానీ అదే సంతోషం రాదు, ఇది మీ ఆవిడకు నిదానంగా చెప్పు, ఆమె మాటలో తప్పేం లేదు, ఈ సంగతి ఆమె లెక్కలోకి వచ్చి ఉండదు.

మరి ఈ సంవత్సరం ఎందుకు వద్దంటున్నానంటే, ఒకటి తోట లోను, అది ఆడిటరమ్మ చెప్పేసింది. రెండోది మీ పాప. కేమన్‌లో రెండే సీట్లు. పదమూడేళ్ల పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు మీరు ముగ్గురూ తిరుపతి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా ఆ కారు షెడ్డులోనే ఉంటుంది, నువ్వూ మీ ఆవిడా పోతే పాప ఒక్కతే ఇంట్లో ఉండాలి. నేను కొనేటప్పటికి మా పిల్లలిద్దరూ బయటి ఊర్లకు వెళ్లిపోయారు, ఇల్లు ఖాళీ అయిన రోజుల్లో ఆ కారే మమ్మల్ని పొద్దున్నే బయటికి తీసుకెళ్లింది. మీ పాప ఇంటర్‌కు హాస్టల్‌కు పోతుందనుకుంటే అది ఇంకో రెండు మూడేళ్లే. అప్పటికి నీకు 44, లోను తీరుతుంది, ఒళ్లూ బాగుంటుంది. ఆ వయసు పట్టుకో.

కర్నూలు తమ్ముడు హైవే గురించి రాశాడు. నాలుగు లేన్ల జాతీయ రహదారిలో కారు స్పీడు లిమిట్ 100. 300 హార్స్‌పవర్ బండిని అక్కడ తొక్కడానికి ఏమీ లేదు, పైగా ఊరి దగ్గర డివైడర్ గ్యాపులోంచి మోటార్ సైకిల్ ఎప్పుడు రాంగ్ రూట్‌లో దూరుతుందో తెలియదు. అట్లా వచ్చి ఢీకొన్నవాళ్ల కాళ్లకు రాడ్లు వేసేది నేనే. ఈ కార్లు మలుపుల కోసం కొనాలి. నేను పోయేది గువ్వలచెరువు ఘాట్, అదీ లారీలు ఎక్కువ కాకముందు పొద్దున్నే, పైన పాలకోవా కొనుక్కుని తిరిగి వచ్చేస్తా. గట్టిగా తోలాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ ఉంది, డబ్బు కట్టి అక్కడ తోలు.

ఊర్లలో స్పీడ్ బ్రేకర్లు ఇంకో సమస్య. ఈ కార్లు నేల నుంచి 130 మిల్లీమీటర్ల ఎత్తుకు అటూ ఇటూ ఉంటాయి. ఎదురుగా బండి లేనప్పుడు ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దింపాలి, ఎంత జాగ్రత్తగా పోయినా ముందు బంపర్ అడుగున గీతలు పడతాయి. సాధారణంగా వీటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే. టైరు పక్కగోడ చిరిగిందా, ఫ్లాట్ బెడ్ లారీ వచ్చేదాకా రోడ్డు పక్కనే.

డ్రిప్‌షాపు_అనంతపురం:

డాక్టర్ గారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. పాప సంగతి నేను ఇట్లా ఆలోచించలేదు. స్పోర్ట్స్ కారు సీట్లో కూర్చుంటే తన నడుము పట్టేస్తుందా లేదా ఇప్పుడే చూసుకోవాలని మా ఆవిడే అంటోంది. తమ్ముడు చెప్పిన పెట్రోల్ బండ్ల భయం మాత్రం పోలేదు, 44కు మంచిది దొరక్కపోతే? ఎవరో ఐదు సీట్ల బీఎండబ్ల్యూ ఎం340ఐ చూడమన్నారు, అది చెన్నైలో అసెంబుల్ అవుతుంది, 374 హార్స్‌పవర్, ముగ్గురం హాయిగా పోవచ్చు. కానీ నేను ఇన్నేళ్లు కలగన్నది ఆ కారు కాదు, దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టబుద్ధి కావడం లేదు.

ఆడిటరమ్మ_కర్నూలు:

అయితే పెట్టకండి అన్నా. మనసు పడనిదానికి అన్ని లక్షలు పెట్టి, మళ్లీ మూడేళ్లకు కేమన్ కొంటే అది రెండు కార్ల నష్టం. ఆ డబ్బులో లోను తీర్చండి, మిగతాది పాప పేరు మీద కొంత, ఎఫ్‌డీలో కొంత వేయండి. బయానా మాత్రం ఇవ్వలేదు కదా?

డ్రిప్‌షాపు_అనంతపురం:

లేదమ్మా, ఇవ్వలేదు. రేపు పొద్దున ఫోన్ చేసి వద్దని చెప్పేస్తా. తోట లోను ఈ ఉగాదికి క్లోజ్ చేస్తున్నా.

కడప_ఎముకల_డాక్టర్:

మంచి బండి దొరుకుతుందా లేదా అని భయపడొద్దు, దాచుకుని తోలేవాళ్లు అమ్మేది ఎప్పుడూ ఉంటుంది. చూడటానికి పోయినప్పుడు మీటర్ రీడింగ్ ఒక్కటే నమ్మొద్దు. టైరు మీద చివర నాలుగు అంకెలు చదువు, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం, తక్కువ తిరిగిన బండి అని చెప్పి టైర్లు ఆరేళ్లవి ఉంటే గ్రిప్ పోయి ఉంటుంది, సెట్టు మొత్తం మార్చాలి. బ్రేక్ డిస్క్ అంచు మీద గోరు ఆనించి చూడు, మెట్టులాగా తగిలితే అరిగిందన్నమాట. సర్వీస్ రికార్డు షోరూంలోనే అడిగి తీసుకో.

శనివారం రాత్రికి చెల్లెమ్మనూ పాపనూ తీసుకుని కడప వచ్చేయండి, మా ఇంట్లోనే ఉండొచ్చు. ఆదివారం ఆరు గంటలకు ముందు చెల్లెమ్మను ఘాట్ దాకా తీసుకెళ్లి నడుము సంగతి చూస్తాను, తర్వాత నీకు స్టీరింగ్ ఇస్తా. ఇందులో పెడల్స్ దగ్గర దగ్గరగా ఉంటాయి, చెప్పులతో రావద్దు, అడుగు పలచగా ఉన్న షూ వేసుకుని రా.