‘పసిగట్టే’ ప్రోటీను, కొరత కాని ‘కొరత’

ప్రశ్న: గర్భిణుల కోసం ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘హైపాక్సియా’ను ప్రాణవాయు కొరత అని రాశాను. ‘తొలి వారాల్లో గర్భంలో ప్రాణవాయు కొరత ఉంటుంది’ అన్న వాక్యం మా వదినకు చదివి వినిపించాను. ఆమెకు ఇప్పుడు మూడో నెల. వెంటనే పొట్ట మీద చెయ్యి వేసుకుని, “బిడ్డకు ఊపిరి ఆడటం లేదా?” అంది. ఆ వాక్యం అక్కడే కొట్టేశాను. వేరే మాట చెప్పగలరా? ఈ స్థితిని గుర్తించే హిఫ్ (హైపాక్సియా ఇన్‌డ్యూసిబుల్ ఫ్యాక్టర్) ప్రోటీనుకూ ఒక పేరు కావాలి.

జవాబు: మీ వదినగారి భయం సబబే. కొరత అంటే ఉండవలసింది లేకపోవడం. ఇక్కడ ఉండవలసిందే అంత! మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతం. తొలి వారాల్లో మావి (ప్లాసెంటా) చుట్టూ సుమారు 2, 3 శాతమే. మావి కణాలే తల్లి రక్తనాళాల మూతులకు బిరడాల్లా అడ్డుపడి, రక్తం ఉరవడిగా రాకుండా ఆపుతాయి. ప్రాణవాయువు ముందే ముంచెత్తితే లేత కణాలకు హాని. 10–12 వారాలకు బిరడాలు సడలుతాయి, రక్తం నిండుగా వస్తుంది. ఆ తరువాత కూడా మావికి సరిగా అందకపోతే, అప్పుడు అది కొరతే. గుర్రపు వాతం (గర్భిణులకు రక్తపోటు పెరిగే జబ్బు) వచ్చిన తల్లుల మావిలో హిఫ్ ఎక్కువగా కనిపించడం అలాంటిదే.

కాబట్టి మొదటి నెలలకు ‘తక్కువ ప్రాణవాయువు’ చాలు. ‘అల్పప్రాణవాయు స్థితి’ అని నేనే ఒకసారి రాసి కొట్టేశాను. చూడగానే వ్యాకరణంలోని అల్పప్రాణాలు క, చ, ట, త, పలు గుర్తొస్తాయి. జరాయువు కూడా వద్దు, మావి అనండి. గేదె ఈనినప్పుడు రైతులు ‘మాయ వేసిందా’ అని అడిగేదీ దీని గురించే.

‘సెన్సింగ్’కు గ్రహించడం కన్నా పసిగట్టడం మేలు. పసి అంటే వాసన. పసిగుడ్డులోని పసి అర్థం వేరే అయినా, ఈ రెండూ ఒకేచోట వినిపించడం నాకు ఎంతో నచ్చింది.

ఇంకొకరి సవరణ: పసిగట్టడం మంచి మాటే కాని, అది హిఫ్ చేసే పని కాదండీ. ఆ పని కొన్ని ఎంజైములది. కణం హిఫ్‌ను ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. ప్రాణవాయువు తగినంత ఉంటే ఎంజైములు దాని మీద ఒక గుర్తు వేస్తాయి; గుర్తు పడినదాన్ని కణం ముక్కలు చేసేస్తుంది. ప్రాణవాయువు తగ్గితే గుర్తు పడదు. హిఫ్ బతికి, తన జత ప్రోటీనును కలుపుకొని, కేంద్రకంలో చేరి, రక్తనాళాలు మొలిపించే జన్యువులను లేపుతుంది. కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే శాస్త్రవేత్తలకు 2019లో వైద్య నోబెల్ వచ్చింది ఈ గుట్టు విప్పినందుకే. అందుకని ‘ప్రేరిత కారకం’ అని మాటకు మాట పెట్టకండి. దీన్ని కొత్తగా ఎవరూ ప్రేరేపించడం లేదు, చావకుండా వదిలేస్తున్నారంతే. ‘తక్కువ ప్రాణవాయువులో నిలిచే ప్రోటీను’ అంటే పొడవే, కాని నిజం.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాను: ‘తొలి వారాల్లో మావి చుట్టూ ప్రాణవాయువు తక్కువగానే ఉండాలి. కణాలు దాన్ని పసిగడతాయి. అప్పుడు హిఫ్ అనే ప్రోటీను నిలిచి, రక్తనాళాలు మొలిపిస్తుంది.’ బిరడాల సంగతీ చేర్చి వదినకు వినిపించాను. ఈసారి చెయ్యి పొట్ట మీదకు పోలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, “నాకు పదకొండో వారం. అయితే బిరడాలు సడలుతూ ఉంటాయి కదూ?” అంది.